తాగనివాళ్ళ సంగతేమిటి?



మా బనగానపల్లె చుట్టుపక్కల ఎవరికైనా కళ్ళు పచ్చబడితే, డాక్టరు పేరుకంటే ముందు ఒక పల్లె పేరు వినపడుతుంది. "ఫలానా ఊర్లో పసరు పోస్తారంట, ఆదివారం తెల్లారకముందే పరగడుపున పోవల్లంట" అని. ఆ పల్లె కోవెలకుంట్ల దారిలో ఉండొచ్చు, అవుకు వైపు ఉండొచ్చు, ఆళ్ళగడ్డ దాటి నల్లమల అంచున ఉండొచ్చు. ఎక్కడున్నా పద్ధతి ఇంచుమించు ఒకటే. వచ్చినవాళ్ళను వాకిట్లో వరసగా కూర్చోబెడతారు. నూరిన ఆకును మేకపాలలోనో మజ్జిగలోనో కలిపి గ్లాసుతో ఇస్తారు. మూడు వారాలు రమ్మంటారు. నూనె, కారం, మాంసం, సారాయి అన్నీ మానాలంటారు. చాలాచోట్ల డబ్బులు కూడా అడగరు, తోచింది పెట్టి రావడమే.

ఆ ఆకు తరచుగా నేల ఉసిరి. వానలు పడ్డాక చేల గట్ల మీద, పెరట్లో, గోడల వారన జానెడెత్తు లేస్తుంది. సన్నటి రెమ్మకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు. ఆ రెమ్మను వెనక్కి తిప్పి చూస్తే అసలు ఆనవాలు దొరుకుతుంది. ఆకుల అడుగున వరసగా, ఆవగింజ కంటే కాస్త పెద్దవిగా, ఆకుపచ్చటి కాయలు వేలాడుతుంటాయి. తెలిసినవాళ్ళు ఈ కాయలు చూడకుండా మొక్కను పీకరు. పైనుంచి చూస్తే దాన్ని పోలిన మొక్కలు ఇంకా ఉన్నాయి మరి.

ఈ పసరు తాగినవాళ్ళలో ఎక్కువమందికి కామెర్లు తగ్గుతాయి. అది నిజం. పోసేవాళ్ళలో చాలామంది మనసున మంచితనమే ఉంది. తగ్గిందని చెప్పేవాళ్ళు అబద్ధమాడటం లేదు. అయితే ఈ నిజాన్ని ఒప్పుకున్న తర్వాత ఇంకొక్క ప్రశ్న అడగాలి, మన ఊళ్ళలో దాన్ని అడిగేవాళ్ళు బాగా తక్కువ. తాగనివాళ్ళ సంగతేమిటి? వాళ్ళకు తగ్గిందా, తగ్గలేదా? ఈ పూట నేను మీతో మాట్లాడాలనుకున్నది ఈ ప్రశ్న గురించే.

కామెర్లకు కారణాలు చాలా ఉన్నాయి. మనవైపు తరచుగా చూసేవి హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ అనే వైరస్‌ల వల్ల వచ్చేవి. తాగే నీళ్ళలో మురుగు కలిస్తే వస్తాయి. పైపు పగిలిన వీధిలో ఒకరి తర్వాత ఒకరికి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం ఈ రెండు వైరస్‌లనూ చాలా మటుకు తనంతట తానే వదిలించుకుంటుంది. కొన్ని వారాలు పడుతుంది, అంతే. మరి మనిషి పసరుకు ఎప్పుడు బయల్దేరతాడు? కళ్ళు బాగా పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరిగి, అన్నం చూస్తేనే వాంతి వచ్చే రోజున. అప్పటికి జబ్బు ముదరాల్సినంత ముదిరింది. ఇక మీద తగ్గుముఖమే. మొదటి ఆదివారం గ్లాసు ఎత్తాడు, మూడో ఆదివారానికి కళ్ళు తెల్లబడ్డాయి. ఈ రెంటికీ ముడి వేయకుండా ఏ మనసు ఊరుకుంటుంది? పైగా పత్యం ఒకటి ఉంది. మూడు వారాలు సారాయి ముట్టకపోతే కాలేయానికి అంతకు మించిన మేలు లేదు. పేరు మాత్రం ఆకుకు పోతుంది.

అట్లని ఆకును తీసి పారేయమని నేను అనను. మన పక్కనే మద్రాసులో దీన్ని పరీక్ష పెట్టి చూశారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ బహుమతి అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్, మరికొందరు కలిసి ఆ పని చేశారు. వాళ్ళు ఎంచుకున్నది ఊరికే తగ్గిపోయే కామెర్లను కాదు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో తిష్ట వేసుకుని కూర్చున్నవాళ్ళను ఎంచుకున్నారు. అట్లాంటివాళ్ళకు ఆ వైరస్ దానంతట అది పోవడం చాలా అరుదు. అందుకే పరీక్ష గట్టిది. 37 మందికి నేల ఉసిరి పొడి ఇచ్చారు. 23 మందికి చూడటానికి అట్లాగే ఉండే ఉత్త మందు ఇచ్చారు. నెల రోజులు. తర్వాత రక్తపరీక్ష చేస్తే నేల ఉసిరి తిన్నవాళ్ళలో 22 మందికి వైరస్ గుర్తు కనపడలేదు. ఉత్త మందు తిన్నవాళ్ళలో ఒక్కరికే పోయింది. 1988లో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయినప్పుడు ప్రపంచమంతా తిరిగి చూసింది. మన గట్టు మీది మొక్క!

తర్వాత థాయిలాండ్‌లో చేశారు, న్యూజిలాండ్‌లో చేశారు. ఆ ఫలితం మళ్ళీ రాలేదు. మొక్క రకంలో తేడానా, పెరిగిన నేలలో తేడానా, కోసిన కాలంలో తేడానా అని వెతికారు. ఇన్నేళ్ళు గడిచినా హెపటైటిస్ బి కి నేల ఉసిరి వాడమని గట్టిగా చెప్పే స్థితి రాలేదు. నాకు ఈ కథలో గౌరవం కలిగించేది ఏమిటంటే, మన మొక్కను ఎవరూ చులకన చేయలేదు. తాగనివాళ్ళను పక్కన కూర్చోబెట్టి న్యాయంగా పోల్చి చూశారు, వచ్చిన ఫలితాన్ని ఇంకోచోట మళ్ళీ సరిచూశారు. ఒక్కసారి నెగ్గితే చాలదు, రెండోసారి, మూడోసారి కూడా నెగ్గాలి. ఇంగ్లీషు మందుకైనా, ఆయుర్వేదానికైనా, డబ్బాలో వచ్చే పొడికైనా ఇదొక్కటే కొలత. ఇంతలో హెపటైటిస్ బి రాకుండా చేసే టీకా మన హైదరాబాద్‌లోనే తయారై 1997లో శాంతా బయోటెక్నిక్స్ నుంచి తక్కువ ధరకు బయటికొచ్చింది. ఇవాళ సర్కారు ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపు ఆ టీకా ఉచితంగా వేస్తున్నారు.

పసరు వల్ల ఎక్కువ నష్టం ఆకుతో రాదు, పోయిన రోజులతో వస్తుంది. పిత్తాశయం రాయి నాళానికి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. క్లోమగ్రంథిలో గడ్డ ఉన్నా పచ్చబడతాయి. వాటికి మూడు ఆదివారాలు ఎదురుచూడటమంటే చేతికి అందిన సమయాన్ని జారవిడుచుకోవడమే. గర్భిణికి ఆఖరి నెలల్లో హెపటైటిస్ ఈ వస్తే నూటికి ఇరవై, ఇరవై అయిదు మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఇంట్లో గర్భిణి కళ్ళు పచ్చబడితే ఆదివారం దాకా ఆగొద్దు, ఆ రోజే నంద్యాల పెద్దాస్పత్రికి తీసుకుపోండి. కామెర్లు వచ్చిన మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చిగుళ్ళ నుంచి రక్తం కారుతున్నా గంటల మీద పరిగెత్తాల్సిందే. పసరు పోసే పెద్దలు కూడా ఈ నాలుగు గుర్తులు తెలుసుకుని, అట్లాంటివాళ్ళను వాకిట్లో నుంచే ఆస్పత్రికి పంపిస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో.

తాగనివాళ్ళ సంగతి రాష్ట్రం మొత్తం మరిచిపోయిన సందర్భం ఒకటి మన కళ్ళ ముందే జరిగింది. 2021 మే నెల. కరోనా రెండో అల. ఆస్పత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఉచితంగా మందు పంచుతున్నారని తెలిసి జనం పోటెత్తారు. మన జిల్లా నుంచి కార్లు కట్టించుకుని పోయినవాళ్ళు ఉన్నారు. మే 21న వేలాదిమంది ఒక్కచోట గుమిగూడటంతో పంపిణీ ఆపేశారు. ఆనందయ్య చుక్కలు కంట్లో వేయగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. కొద్దిరోజులకే ఆయన ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ రెండో వార్త మొదటి వీడియో తిరిగినంత దూరం తిరగలేదు.

ప్రభుత్వం ఆ మందును ఆయుర్వేద పరిశోధకుల చేత పరీక్ష చేయించింది. ఆ నెలాఖరున వచ్చిన నిర్ణయం సారాంశం ఇది. మందులో హాని చేసే పదార్థాలు కనపడలేదు. దానివల్ల కరోనా తగ్గుతుందనే రుజువూ లేదు. డాక్టర్లు రాసిన మందులు ఆపకుండా, కావాలనుకున్నవాళ్ళు వాడుకోవచ్చు. కంటి చుక్కలకు మాత్రం అప్పుడు అనుమతి ఇవ్వలేదు. ఆ రోజుల్లో మనుషులు ఎంత భయంలో ఉన్నారో నాకు తెలుసు, క్యూలో నిలబడినవాళ్ళను నేను తప్పుపట్టను. అయితే కరోనా వచ్చినవాళ్ళలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. వెయ్యిమందికి ఏ ఆకు ఇచ్చినా తొమ్మిది వందల మందికి పైగా "నాకు తగ్గింది" అని చేయెత్తుతారు. ఆ చేతులు చూసి ఆకు బలాన్ని లెక్కకట్టలేం. హాని లేదన్న మాటను పని చేస్తుందన్న మాటగా విన్నాం. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు, రెంటికీ వేర్వేరుగా జవాబు రావాలి.

ఇక మోతాదు సంగతి. షుగర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మెంతులు ఉంటాయి. రాత్రి చెంచాడు నానబెట్టి పొద్దున తాగుతారు. మెంతుల గురించి గట్టిగా పని చేసినవాళ్ళు మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళే. ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1990లో అచ్చువేసిన అధ్యయనంలో, చిన్నతనంలో వచ్చే రకం షుగర్ ఉన్నవాళ్ళకు పది రోజులు మెంతిపొడి కలిపిన భోజనం, పది రోజులు అది లేని భోజనం పెట్టి చూశారు. మెంతులు తిన్నప్పుడు మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. బాగా పనిచేసినట్టే కదా. మరి ఎంత పెట్టారు? నూనె తీసిన మెంతిపొడి, రోజుకు 100 గ్రాములు. మధ్యాహ్నం సగం, రాత్రి సగం. చెంచాడు మెంతులు నాలుగైదు గ్రాములు తూగుతాయేమో. కాబట్టి "మెంతులు షుగర్‌కు మంచిదని శాస్త్రవేత్తలే చెప్పారు" అన్న మాట నిజమే, మన చెంచాకు మాత్రం ఆ మాట వర్తించదు. మెంతులు మానమని నేను అనను. మెంతులు మొదలుపెట్టాను కదా అని షుగర్ మాత్ర మానేస్తారు చూడండి, నా భయమంతా అక్కడ. కాకరకాయ, నేరేడు గింజలు, పొడపత్రి కలిపిన పొడికైనా ఇదే అడగాలి. ఎంత తింటే, ఎవరికి, ఎంత తగ్గింది?

మోతాదైనా కంటికి కనపడుతుంది. కనపడనిది ఇంకొకటి ఉంది. సంతలో, తిరునాళ్ళలో, ఒక్కోసారి ఇంటి గుమ్మం ముందు కూడా మోకాళ్ళ నొప్పులకు పొట్లాలు అమ్ముతారు. చీటీ ఉండదు, పేరు ఉండదు. చెట్ల మందే అంటారు. ఒక అవ్వ అట్లాంటి పొట్లాలు తెచ్చుకుంది. "రెండు పొట్లాలకే లేచి తిరుగుతాండా నాయనా, డాక్టర్లు ఏండ్ల తరబడి చేయలేనిది" అంది. నెలలు గడిచాక ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి, చర్మం కాగితంలా పలచనై తగిలితే చాలు కమిలిపోతోంది. ఇంత తొందరగా పనిచేసిందంటే అది ఉత్త చెట్ల మందు కాకపోవచ్చు. ఇట్లా పొట్లాల్లో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలపడం దేశమంతటా డాక్టర్లు ఎన్నోసార్లు పట్టుకున్న సంగతి. నెలల తరబడి తింటే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అంతకంటే ప్రమాదం, భయపడి ఒక్కసారిగా మానేయడం. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారుచేయడం ఆపేసి ఉంటుంది కాబట్టి మనిషి కుప్పకూలిపోవచ్చు. అందుకే ఇట్లాంటి పొట్లాలు చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు వాటిని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. నొప్పి గంటల్లో మాయమైతే సంతోషపడేకంటే అనుమానపడాలని ఇంట్లో ముసలివాళ్ళకు చెప్పండి.

పేరున్న మొక్క కూడా మనల్ని ఏమార్చవచ్చు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం తాగని ఇల్లు లేదు. వేపచెట్ల మీద, కంచెల మీద అల్లుకునేదాన్ని తెంపి మరగబెట్టారు. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వాళ్ళు తాగింది అసలు తిప్పతీగేనని తేల్చలేదని, దాన్ని పోలిన ఇంకో తీగ కావచ్చని అంది. ఎవరి మాట నిజమైనా కంచె దగ్గర కొడవలి పట్టుకుని నిలబడిన మనకు చిక్కు ఒకటే. మనం కోస్తున్నది ఏ తీగో మనకు తెలుసా? ఎన్ని రోజులు తాగాలో తెలుసా? ఒంట్లో బయటికి కనపడని కాలేయ జబ్బు ముందే ఉందేమో తెలుసా?

చీటీ ఉన్న డబ్బాల దగ్గరికి వద్దాం. నంద్యాలలో ఏ మందుల షాపులోనైనా అద్దాల బీరువా నిండా ఇవే. ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందు వైపు పరిగెత్తే గుర్రమో, కండలు తిరిగిన కుర్రాడో ఉంటాడు. పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పి కళ్ళజోడు పెట్టుకుని చూడండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉంటుంది. దాని దగ్గర్లోనే, వైద్య అవసరానికి వాడేది కాదని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం రాయక తప్పదని నిబంధన. అంటే తయారుచేసినవాళ్ళే ఇది మందు కాదని రాసి ఇస్తున్నారు. ఆ నంబరు ఆహారం తయారుచేయడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే, జబ్బు తగ్గుతుందని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆయుర్వేద మందులకు వేరే లైసెన్సు ఉంది. గ్రంథాల్లో ఉన్న యోగాలకు అది ఇచ్చేటప్పుడు రోగుల మీద చేసిన పరీక్షలు అడగరు, గ్రంథం ప్రమాణంగా సరిపోతుంది. ఇక షుగర్ శాశ్వతంగా పోతుందని, క్యాన్సర్ కరుగుతుందని, పక్షవాతం మాయమవుతుందని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అట్లాంటి ప్రకటన కనపడితే ఆ సరుకు గురించి ఇంకేమీ విచారించనక్కర్లేదు.

"విటమినే కదా, పనిచేయకపోయినా పోయేదేముంది" అనేవాళ్ళు చాలామంది. మన బేనీషా మామిడిపండు కోస్తే కనపడే పసుపు రంగులో బీటా కెరోటిన్ ఉంటుంది. పండ్లు, కూరగాయలు బాగా తినేవాళ్ళకు క్యాన్సర్ తక్కువని గమనించి, ఆ పదార్థాన్నే మాత్రగా ఇద్దామని ఫిన్లాండ్‌లో అనుకున్నారు. ఊహ ఎంత సబబుగా ఉందో చూడండి. 29,133 మంది, అందరూ పొగతాగే మగవాళ్ళు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర, కొందరికి ఉత్త మాత్ర. ఏళ్ళ తరబడి. 1994లో ఫలితం వచ్చేసరికి బీటా కెరోటిన్ మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది. ఉత్త మాత్ర మింగినవాళ్ళు పక్కన లేకపోయి ఉంటే ఈ సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. పొగతాగేవాడికి క్యాన్సర్ వస్తే పొగాకునే తిట్టుకునేవాళ్ళం. పండు తినండి, బాగా తినండి. పండులో ఉన్న ఒక్క సరుకును బయటికి తీసి బిళ్ళగా చేసినప్పుడు మాత్రం అది వేరే వస్తువు, దానికి వేరే పరీక్ష కావాలి. జిమ్ములకు పోయే మన కుర్రవాళ్ళకు కూడా ఒక మాట. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో, కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని స్పష్టంగా రాసింది. కందిపప్పు, ఉలవలు, గుడ్లు, శనగలు మన దగ్గర కరువా?

మన పల్లెల్లో అన్నిటికంటే ఎక్కువ నమ్మకం డబ్బాల మీద కాదు, సెలైన్ మీద. నీరసంగా ఉందంటే ఆర్ఎంపీ దగ్గరికి పోయి "ఒక సెలైన్ ఎక్కియ్ సార్, బలం వస్తాది" అంటారు. అక్కడ తరచుగా ఎక్కించేది అయిదు శాతం గ్లూకోజ్ సీసా, అర లీటరు. అందులో ఉండేది 25 గ్రాముల చక్కెర, మిగతాదంతా నీళ్ళు. బలం వంద కేలరీల లోపు. ఒక సంగటి ముద్దలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. అయినా ఎక్కించుకున్న సాయంత్రం హుషారుగా ఎందుకు ఉంటుందంటే, గంటసేపు ఫ్యాను కింద పడుకున్నారు, ఎండలో ఆరిపోయిన ఒంట్లోకి నీళ్ళు వచ్చాయి, పట్టించుకునే మనిషి పక్కన ఉన్నాడు. గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళకు అదే అర లీటరు ఊపిరితిత్తుల్లో నీరు చేర్చవచ్చు. సూది శుభ్రంగా లేకపోతే ఇందాక చెప్పుకున్న హెపటైటిస్ బి ఒంట్లోకి ఎక్కవచ్చు.

వాంతులు, విరేచనాలు అయినప్పుడు సెలైన్ దొరక్కపోతే ఏం చేయాలో 1971లోనే తేలింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పైమంది దాకా చనిపోతున్నచోట మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. తాగనివాళ్ళ సంగతి, తాగినవాళ్ళ సంగతి అంత తేటగా కనపడిన మందు ఇంకొకటి అరుదు. అదే మన ఓఆర్ఎస్. అందులో కొలత ముఖ్యం. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా రెండు లవణాలు. ఆ పాళ్ళలో ఉంటేనే పేగు ఉప్పునూ చక్కెరనూ కలిపి లాక్కుంటుంది, వాటి వెంట నీరు వస్తుంది. చక్కెర ఎక్కువైతే నీరు పేగులోకి తిరిగి వచ్చి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్ముతుంటే, హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళు ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి లోబడని ఏ పానీయం మీదా ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఆదేశించింది. ఎండాకాలంలో బిడ్డకు విరేచనాలయితే డబ్బా వద్దు, ప్యాకెట్ అడగండి. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. ఆశా కార్యకర్త దగ్గర ఊరికే దొరుకుతుంది.

ఊరికే దొరుకుతుంది కాబట్టే మనకు విలువ లేదేమో. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర చూడండి. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసి లోకానికి ఇచ్చిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సంవత్సరం 1945. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. అదే జబ్బు ఆయనకు వచ్చినప్పుడు ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠం కూడా చెప్పారు. ఆయుర్వేదం మీద ప్రేమ ఉన్న ఆ మనిషే అమెరికా వెళ్ళి, తన ఇంటివాళ్ళను మింగిన జబ్బుకు పనికొచ్చే మందును పరీక్షలతో నిలబెట్టారు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఫలితాలు వచ్చాయి. వెన్నుపాము లోపంతో ఒక బిడ్డను కన్న తల్లులకు, మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఇంత రుజువున్న మాత్రను, మలం నల్లగా వస్తోందనో వికారంగా ఉందనో మన ఆడబిడ్డలు గూట్లో పెట్టి మరిచిపోతున్నారు. మలం నల్లబడటం ఇనుము వల్లే, భయం లేదు. వికారం ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి. టీతో మాత్రం వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. పుట్టింటివాళ్ళు సీమంతానికి తెచ్చిన ఖరీదైన పొడి డబ్బా కంటే ఈ మాత్రే ముందు అయిపోవాలి.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక పని చేయండి. తాత వాడే పొట్లాలు, అమ్మ తాగే కషాయం పొడి, తమ్ముడి ప్రొటీన్ డబ్బా, పక్కింటివాళ్ళు ఇచ్చిన గోలీలు అన్నీ ఒక సంచిలో వేసుకుని, ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు బల్ల మీద పెట్టండి. కోప్పడతాడేమోనని దాచొద్దు. ముఖ్యంగా ఆపరేషనుకు ముందు, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేటప్పుడు, గర్భం ఉన్నప్పుడు ఏదీ దాచొద్దు. డాక్టర్లు కూడా దయచేసి కోప్పడకండి, ఒకసారి కసిరితే ఆ సంచి మళ్ళీ ఇల్లు దాటదు. ఏ మందు వాడాకైనా దద్దుర్లు, కామెర్లు, ముఖం ఉబ్బడం లాంటివి వస్తే 1800 180 3024 కు ఫోను చేసి చెప్పండి. అది మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కేంద్రం నంబరు, డబ్బులు పడవు. డబ్బానూ బిల్లునూ పారేయకుండా దగ్గర పెట్టుకోండి, బ్యాచ్ నంబరు అడుగుతారు.